మూడో తొక్కుకి పట్టే బ్రేకు

జాస్ట్రో వంశంలో పగ పట్టేవాళ్ళు లేరు. కావాలంటే మా నానమ్మని అడగండి. కాకపోతే మా ఊరి చర్చి వంటగది దగ్గర మాత్రం అడగకండి. పంతొమ్మిదేళ్ళ కిందట అక్కడ ఎవరో ఆవిడ బంగాళాదుంపల సలాడ్ గిన్నెని బల్ల మధ్యలోంచి తీసి చివరికి, కాగితం పళ్ళేల పక్కకి జరిపారు. అప్పట్నుంచి ఆవిడ ఆదివారం ప్రార్థనకి నలభై మైళ్ళ అవతల ఇంకో ఊరికి వెళ్తోంది. మంచు తుపానులో కూడా వెళ్తుంది. పగ కాదట. అక్కడ కారు పెట్టుకోవడానికి చోటు బాగుంటుందట.

నాదీ ఆ రక్తమే. ఫిబ్రవరి ఎనిమిదిన రాయిస్ వాండహై నా కారుని గోడకేసి కొట్టాడు. నేను ఆ క్షణమే మరిచిపోయాను. ఆ క్షణం పొద్దున పదీ నలభై రెండు నిమిషాల పదిహేడు సెకన్లని మాత్రం గుర్తుంది.

కారంటే తెర మీది కారే. మేం విన్నెబేగో సరస్సు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం ఇరవై నలుగురం. చలికాలం నాలుగు నెలలూ మా కౌంటీ రేసు ట్రాకు మంచు దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. మేం మాత్రం ఎవరి ఇంటి కింది గదిలో వాళ్ళం స్టీరింగులూ పెడళ్ళూ బిగించుకుని, శనివారం పొద్దున పదింటికి అదే ట్రాకు మీద, కంప్యూటర్లో, ప్రాణాలకి తెగించి తిరుగుతుంటాం. సీజన్లో గెలిచినవాడికి కప్పు లేదు, డబ్బు లేదు. మే నెలలో అసలు ట్రాకు తెరిచిన రోజున, జనం ముందు, అసలు కారులో పది చుట్లు తిరగనిస్తారు. ఆ పది చుట్ల కోసం మావాళ్ళు కిడ్నీ ఇస్తారు. ఒకడు నిజంగానే ఫోన్ చేసి, ఏ వైపుది కావాలని అడిగాడు.

ఫిబ్రవరి ఎనిమిది నాటికి పాయింట్లలో రాయిస్ మొదటివాడు, నేను రెండు, పాకూ వాంగ్ మూడు. పాకూ యాపిల్టన్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నాలుగేళ్ళుగా నా స్నేహితురాలు. ఎవరినైనా తాకితే తన కారుకే నొప్పి పుట్టినట్టు నడుపుతుంది.

ఆ రోజు చివరి చుట్టులో నేను రాయిస్ పక్కకి వచ్చేశాను. ఇంకో రెప్పపాటులో ముందుకి పోతాను. అప్పుడు రాయిస్ కారు మాయమైంది. అర సెకను ఆగి మళ్ళీ వచ్చింది, సరిగ్గా నా కారున్న చోటికే. ఒకే చోట రెండు కార్లుంటే ఆట ఊరుకోదు, ఒకదాన్ని విసిరేస్తుంది. నన్ను విసిరింది. నేను ఎంత ఎత్తుకి లేచానంటే కింద కెనడా కనిపించింది.

"అయ్యో, సారీ రా కార్విన్," అని చెవుల్లో రాయిస్ గొంతు. "పొలం మధ్య ఇల్లు కదా, నెట్ ఇంతే. మా ఆవులు కూడా దీన్ని తిడుతున్నాయి."

మా లీగులో ఒక ఆచారం ఉంది. తప్పు చేసినవాడు రుజువు పెట్టకముందే నోరు తెరిచి, అందరూ వినేలా, "నాదే తప్పు" అనాలి. అలా ఒప్పుకుంటే శిక్ష సగం. రాయిస్ ఆ మాట ఎన్నడూ అనలేదు. ఎప్పుడూ నెట్‌దే తప్పు.

ఫిర్యాదు చేయాలంటే ఒక రోజు చల్లారాలి. అది రెండో ఆచారం. నేను చల్లారాను. పొయ్యి మీద నూనె చల్లారినట్టు చల్లారి, ఆదివారం పదీ నలభై రెండుకి మిసెస్ ప్రీబీకి ఫోన్ చేశాను.

మిసెస్ లోర్నా ప్రీబీ మా తీర్పరి. ముప్ఫై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపింది. లీగులో సగం మందిని బస్సులో మోసింది, నన్ను రెండుసార్లు దించేసింది కూడా. రిటైరయ్యాక మోకాళ్ళ మీద కంబళి వేసుకుని, రీప్లేలు చూస్తూ, మా పాపాలు లెక్కపెడుతుంటుంది.

"వాడు మాయమై నా నెత్తిన తేలాడు!" అన్నాను.

"చూశాను అబ్బాయ్."

"చూశాక కూడా ఏమీ అనరేం?"

"నెట్ చెడితే శిక్షించడానికి నేను దేవుణ్ణా? రుజువు తే."

"కారు గాల్లో ఉంది. ఇంతకన్నా రుజువేం కావాలి?"

"అది నువ్వు ఎగిరావనడానికి రుజువు. వాడు ఎగరేశాడనడానికి కాదు. ఫోన్ పెట్టేయ్, నాకు పొయ్యి మీద సూప్ ఉంది."

పెట్టేశాను. ఆ రేసులో నాకు ఇరవై రెండో స్థానం వచ్చింది. ఇక ఎన్ని గెలిచినా ఆ పది చుట్లు నాకు రావు. సరే, నాకు రాకపోతే పోయింది. రాయిస్‌కి రాకూడదు. ఆ రోజు నుంచీ నాకు ప్రపంచంలో ఉన్న కోరిక అదొక్కటే. అన్నం తింటున్నా అదే, కార్లు కడిగే ఉద్యోగంలో కార్లు కడుగుతున్నా అదే. ఆ నెలలో నేను కడిగినన్ని కార్లు ఎవరూ కడగలేదు. ప్రతి కారుకీ రాయిస్ మొహం ఉండేది.

చివరి రేసులో బయటివాళ్ళకి ఆరు చోట్లు ఇస్తారు. రావాలంటే వాళ్ళకి మచ్చలేని లైసెన్సు ఉండాలి, అంటే ఎవరినీ తాకకుండా ఇరవై రేసులు పూర్తిచేసి ఉండాలి. అందుకని నేను ఆటలో కొత్త ఖాతా తెరిచి, గోర్డన్ పెల్టియర్‌ని కన్నాను.

గోర్డన్‌ది కెనడాలో మానిటోబా. వయసు యాభై నాలుగు. ఇద్దరు కూతుళ్ళు, రెండు మంచుబండ్లు, ఒక చెడిపోయిన మోకాలు. ఇదంతా ఎవరూ అడగలేదు, నేనే రాశాను. ఐదు వారాల్లో గోర్డన్ ఇరవై రేసులు నడిపాడు, ఒక్కరిని కూడా తాకలేదు. ఎవరైనా వెనకనుంచి తొందరపడితే "ముందు మీరు పదండి" అని రాసి పక్కకి జరిగేవాడు. గుద్దినవాళ్ళకి కూడా "పరవాలేదు బాబూ" అని రాసేవాడు. పగ తీర్చుకోవడానికి నేను చూపినంత మంచితనం మా పాస్టరు కూడా చూపి ఉండడు. జనానికి గోర్డన్ ఎంత నచ్చాడంటే, ఒకాయన తన కొడుక్కి గోర్డన్‌ని చూపించి, "నేర్చుకో రా" అన్నాడట.

పాకూ అయితే మరీను. నన్ను నాలుగేళ్ళుగా "ఒరేయ్" అంటోంది, వాణ్ణి మొదటి రోజే "గోర్డన్ గారూ" అంది. నాకు అసూయ వేసింది. అసూయ పడుతూనే, గోర్డన్ చేత పాకూకి కారు సెట్టింగులు పంపించాను. టైర్లలో గాలి ఎంత, స్ప్రింగులు ఎంత గట్టిగా, అన్నీ. రాయిస్ కాకుండా గెలవగలిగింది ఇక ఆమె ఒక్కతే కదా.

లీగు మెసేజ్ బోర్డులో, అందరూ చూసే చోటే, పాకూ రాసింది: "థాంక్స్ గోర్డన్ గారూ. శనివారం రాయిస్ పక్కన నడపాలంటేనే భయంగా ఉంది."

గోర్డన్ జవాబు: "మీరేం భయపడకండమ్మా. రాయిస్ సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాట రాసినప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది. ఎంత గొప్పగా అంటే, దాన్ని ఇంకెవరైనా చదువుతారన్న సంగతే తట్టలేదు.

ఒక మనిషి రెండు కార్లు నడపలేడు. అందుకని శుక్రవారం అందరికీ పంటినొప్పి అని చెప్పాను. వెంటనే పాకూ ఫోన్.

"ఏ పన్ను?"

"వెనకది."

"ఏ వైపు?"

"ఎడమ."

"పైనా కిందా?"

"పాకూ, నొప్పితో మాట్లాడలేకపోతున్నా," అని మూలిగి పెట్టేశాను. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మనిషికి పంటినొప్పి అని చెప్పినవాడు, బ్యాంకు దొంగతనానికి పోలీసు జీపు అద్దెకి తీసుకున్నవాడితో సమానమని అప్పుడు తోచలేదు.

శనివారం పొద్దున మిసెస్ ప్రీబీ కొత్త నియమం ఒకటి చెప్పింది. పాయింట్లలో మొదటి ఇద్దరూ తమ చేతులూ కాళ్ళూ కనబడేలా కెమెరా పెట్టుకోవాలి. మొదటి ఇద్దరంటే రాయిస్, పాకూ. చివరి రేసు కదా, అలంకారానికి అనుకున్నాను.

నలభై చుట్ల రేసు. మొదటి మూడు చుట్లూ గోర్డన్ పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా నడిపాడు. నాలుగో చుట్టు, మూడో మలుపు. ముందు రాయిస్. ప్రతి చుట్టులో అక్కడ బ్రేకు వేస్తాను, ఈసారి చాలా ఆలస్యంగా వేశాను, అదీ వాడిలోకి దూరాకే. జీవితంలో చీమని కూడా తాకని గోర్డన్ పెల్టియర్, రాయిస్ వాండహైని వెనకనుంచి ఎత్తి గోడ మీద పరిచాడు. వాడి కారు ముందుభాగం ఒక చోట, వెనకభాగం ఒక చోట, చక్రం ఒకటి మాత్రం ఇంకా రేసులోనే ఉంది. దానికి పదకొండో స్థానం వచ్చి ఉంటుంది.

"ఎవడ్రా వీడు!" అని అరిచాడు రాయిస్.

గోర్డన్ మర్యాదగా రాశాడు: "క్షమించాలి. మోకాలు పట్టేసింది." రాసి, వెళ్ళిపోయాడు.

పాకూ గెలిచింది. సీజన్ కూడా ఆమెదే. నేను పెద్ద ప్యాకెట్ చీజ్ ముక్కలు ఒక్కణ్ణే తిని, ఒక్కణ్ణే నవ్వాను. ఆ నవ్వుకి సరస్సు మీద మంచు పగిలింది. వసంతం ముందే వచ్చిందని వార్తల్లో చెప్పారు.

మరునాడు, సరిగ్గా ఇరవై నాలుగు గంటలు చల్లారి, రాయిస్ ఫిర్యాదు పెట్టాడు. గోర్డన్ మీద కాదు. పాకూ మీద.

విచారణ ఆ ఆదివారం మధ్యాహ్నమే బౌలింగ్ ఆటల హాలు వెనక గదిలో. అందరం వచ్చాం. వేయించిన చీజ్ బుట్టలు బల్లల మీద, గోడకి టీవీ. మిసెస్ ప్రీబీ ముందు ఒక లాప్‌టాప్, ఒక పాత నోటుపుస్తకం. నేను బుగ్గకి మఫ్లర్ చుట్టుకుని మూల కూర్చున్నాను.

రాయిస్ లేచి గోర్డన్ రాసిన మాట అందరికీ చదివి వినిపించాడు. "'రాయిస్ సంగతి నేను చూసుకుంటాను.' ఈవిడ భయమేస్తోందంటుంది, వాడు చూసుకుంటానంటాడు. చూసుకున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి? వాణ్ణి పిలిపించింది ఈవిడే."

"నాకు ఆయన మొహం కూడా తెలీదు!" అంది పాకూ.

"మొహం తెలీనివాడి దగ్గర కారు సెట్టింగులు తీసుకున్నావా?"

"ఆయన ఇచ్చాడు, తీసుకున్నాను. నువ్విస్తే నీ దగ్గరా తీసుకునేదాన్ని. ఎప్పుడైనా ఇచ్చావా నువ్వు? ఎవరికైనా?"

"మాట మార్చకు. మనిషిని పెట్టి గుద్దించడం. ఇక జన్మలో లీగు గడప తొక్కనివ్వరు. టైటిలు నాకొస్తుంది. అదే కదా నియమం, మిసెస్ ప్రీబీ?"

"అదే నియమం," అందావిడ.

పాకూ కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఏడుపుతో కాదు, కోపంతో. ఒక్కరైనా తన వైపు చూస్తారేమోనని చుట్టూ చూసింది. అందరూ చీజ్ వైపు చూశారు. నా లెక్కలో ఇది లేదు. నేను వేసిన వలలో చేప తప్పించుకుని, ఒడ్డున నిలబడ్డ నా స్నేహితురాలు పడింది.

మిసెస్ ప్రీబీ నా వైపు తిరిగింది. "కార్విన్, పన్నెలా ఉంది?"

"చాలా నొప్పండీ," అని కుడి బుగ్గ పట్టుకున్నాను.

పాకూ తల తిప్పింది. "శుక్రవారం ఎడమ అన్నావుగా."

"నొప్పి... తిరుగుతోంది."

"పంటినొప్పి తిరగదు రా."

"నాది తిరుగుతుంది. మా వంశంలో అంతే."

మిసెస్ ప్రీబీ టీవీ మీద ఒక గీత పెట్టింది. గోర్డన్ బ్రేకు తొక్కిన గీత. కాలు పెడల్ మీద ఎంత బరువు వేసిందో కంప్యూటర్ అంతా దాచిపెడుతుంది. ఇరవై ఒక్క రేసుల గీతలు. ప్రతి మలుపు దగ్గరా అవే: చిన్న గుట్ట, చిన్న గుట్ట, తర్వాత పెద్ద కొండ.

"మామూలు మనుషులకి కొండ ఒక్కటే ఉంటుంది," అందావిడ. "ఈ గోర్డన్ తలుపు తట్టి లోపలికొస్తున్నాడు. టప్, టప్, అప్పుడు బ్రేకు."

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది మా తాతయ్య పాత ట్రక్కులో. దాని బ్రేకు మూడో తొక్కుకి గానీ పట్టేది కాదు. ట్రక్కు తుక్కుకి పోయి ఆరేళ్ళయింది. నా కాలికి ఆ సంగతి ఇంకా తెలీదు. గోర్డన్‌కి పేరు మార్చాను, దేశం మార్చాను, వయసు మార్చాను, మోకాలు కూడా ఇచ్చాను. పాదం మార్చడం మరిచిపోయాను.

"ముప్ఫై ఒక్కేళ్ళు బస్సు నడిపాను," అందావిడ. "వెనక సీట్లో కళ్ళు మూసుకు కూర్చుంటే, బ్రేకుని బట్టి నడిపేది ఎవరో చెప్పేదాన్ని. ఈ గీత మా లీగులో ఒకరిది. రెండో గీత కూడా నా దగ్గరుంది. పెట్టేముందు ఇంకో విషయం."

నోటుపుస్తకం తెరిచింది.

"ఈ సీజన్లో రాయిస్ నెట్ తొమ్మిదిసార్లు పోయింది. తొమ్మిదిసార్లూ పక్కన ఇంకో కారుంది. తొమ్మిదిసార్లూ చివరి ఐదు చుట్లలోనే. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కసారీ పోలేదు." కళ్ళద్దాల మీదుగా చూసింది. "పక్కన కారుందని నీ నెట్‌కి ఎలా తెలుస్తుంది రాయిస్? మీ ఆవులు చెప్తాయా?"

ఎవరో కిసుక్కుమన్నారు. రాయిస్ చెవులు ఎర్రబడ్డాయి. "అది... అది యాదృచ్ఛికం."

"కావచ్చు. అందుకే కెమెరా పెట్టించాను. పాకూ నీ పక్కకి వచ్చేదాకా ఆగి, నీ చేతులు నెట్ తీగ పీకుతాయేమో చూద్దామనుకున్నాను. ఐదు వారాలు ఓపిక పట్టాను. ఈ గోర్డన్ మహానుభావుడు నాలుగో చుట్టులోనే నిన్ను గోడకెత్తి కాపాడాడు."

నేను రాయిస్‌ని నాశనం చేయలేదు. రక్షించాను. ఐదు వారాలు సాధువులా బతికి, ఇరవై రేసులు అందరికీ దారిచ్చి, నా పగవాణ్ణి ఉచ్చులోంచి నేనే ఎత్తి బయటపడేశాను.

"గుద్దింది లీగు మనిషే అయితే," అంది మిసెస్ ప్రీబీ, "చివరి రేసు చెల్లదు. వచ్చే శనివారం మళ్ళీ నడపాలి. నలభై చుట్లూ. కెమెరాతో."

రాయిస్ చటుక్కున లేచాడు. "పోనీలెండి. అయిందేదో అయింది. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా. పాకూకే ఉండనివ్వండి."

అబ్బ, ఎంత తీయగా అన్నాడు! ఒక్క క్షణం నాకు స్వర్గం తలుపు తెరుచుకున్నట్టయింది. పది చుట్లు పాకూకి. రాయిస్‌కి సున్న. నేను మఫ్లర్‌తో సహా ఇంటికి. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే.

"వద్దు," అంది పాకూ.

అందరూ అటు తిరిగారు.

"మనిషిని పెట్టి గుద్దించానన్నాడు. మీరందరూ నమ్మారు. నాకు కనబడింది, చీజ్ వైపు చూశారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటానంటే, మే నెలలో నేను ఆ కారెక్కినప్పుడు వెనక ఏం గుసగుసలాడతారో నాకు తెలుసు. అలాంటి పది చుట్లు నాకొద్దు. ఆ రెండో గీత పెట్టండి మిసెస్ ప్రీబీ."

"పెడతాను," అందావిడ. వేలు మీట మీద ఆనించింది. నా వైపు చూడలేదు. అసలు ఎవరి వైపూ చూడలేదు. బస్సు తలుపు తెరిచి, మంచులో పరుగెత్తుకొచ్చే పిల్లవాడి కోసం ఆగినట్టు ఆగింది. ఒకటి. రెండు.

"నాదే తప్పు," అన్నాను.

గదిలో చీజ్ నమలడం ఆగింది.

"గట్టిగా," అంది మిసెస్ ప్రీబీ. "మఫ్లర్ తీసి."

తీశాను. "నాదే తప్పు. గోర్డన్‌ని నేనే. సెట్టింగులు పంపింది నేనే. రాయిస్ సంగతి చూసుకుంటానన్నది నేనే. పాకూకి ఏమీ తెలీదు."

పాకూ నా వైపు తిరిగింది. "గోర్డన్ గారు నువ్వా?"

"అవును."

"ఆయనకి నా పెళ్ళి గొడవంతా చెప్పుకున్నాను రా నేను!"

"చాలా మంచి సలహా ఇచ్చాడు కదా," అన్నాను. ఆమె బుట్టలోంచి చీజ్ ముక్క తీసి నా మొహాన విసిరింది. తగిలింది. ఆమె గురి ఎప్పుడూ అంతే.

"ఏడాది బహిష్కరణ," అంది మిసెస్ ప్రీబీ. "ముందే ఒప్పుకున్నావు కనక ఆర్నెల్లు. పాకూకి క్షమాపణ చెప్పు."

చెప్పాను. అది మాత్రం నవ్వకుండా, ఆమె కళ్ళలోకి చూసే చెప్పాను. ఆమె తల ఊపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు.

"రాయిస్‌కి?"

రాయిస్ వైపు చూశాను. వాడు వచ్చే శనివారం గురించి ఆలోచిస్తున్నాడు. మొహం వెన్నలా పాలిపోయింది. నేను గోడకేసి కొట్టినప్పుడు కూడా వాడికి ఇంత దెబ్బ తగల్లేదు.

"నిజం చెప్పమంటారా?"

"ఈ సీజన్లో ఒక్కసారైనా చెప్పు."

"వాణ్ణి గుద్దినందుకు నాకేం బాధలేదు. నాలుగో చుట్టులో గుద్దినందుకు చచ్చేంత బాధగా ఉంది."

మిసెస్ ప్రీబీ నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. ఆవిడ పెదవి చివర కదిలినట్టు అనిపించింది. పక్కా రుజువు మాత్రం లేదు.

"ఇంకేమైనా మిగిలిందా అబ్బాయ్?"

"పన్ను కూడా అబద్ధమే."

"అది శుక్రవారమే తెలుసు," అంది పాకూ.

చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పేయాలి కదా.

"గోర్డన్ మోకాలు కూడా బాగానే ఉంది," అన్నాను.